పాత అరలో దీపం

సోమవారం

అక్కా,

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. నాలుగో తరగతిలో పలక పక్కన పెట్టాక చేత్తో రాయడం మళ్ళీ ఇదే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో తడబడుతున్నాను. అక్షరాలన్నీ ఒకవైపుకి ఒరిగిపోతున్నాయి. తప్పులు నువ్వే సర్దుకుని చదువుకో. మాటల గూట్లో చెబితే నిమిషంలో నీకు చేరేది గానీ, మా వీధి మొత్తానికీ గూడు ఒక్కటే. వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు వంతు కోసం నిలబడి వింటూ ఉంటారు. నలుగురు వింటుంటే నాకు నోరు పెగలదని నీకు తెలుసు కదా. అందుకని చోళ్ళ సంచి కాగితం చింపి, ఏ రోజు సంగతి ఆ రోజు రాసి, ఉప్పుగుంట బండి వచ్చినప్పుడు పంపుతాను.

మీ మరిది మంచుగనికి వెళ్ళారు. దుమ్ముకారు మొదలయ్యేలోగా చివరి మంచు తేవాలని గుంపంతా కలిసి వెళ్ళింది. ఎదురింటి పోలమ్మ పిన్ని కొడుకు కూడా అందులోనే ఉన్నాడు. ఇంట్లో నేనూ అత్తయ్యా మిగిలాం. నేను తోమిన గిన్నే మళ్ళీ తోముతున్నానని అత్తయ్య తిడుతోంది.

ఈ రోజు మేం ఇల్లు మారాం. గోడలు అవే. మారింది మా పట్టిక. మీ ఉప్పుగుంటలో ఇంకా గోడ మీదే గీతలు గీసుకుంటారు కాబట్టి నీకు చెప్పాలి. ఇక్కడ ప్రతి ఇంటికీ ఊరి యంత్రంలో ఒక పట్టిక ఉంటుంది. ఇంట్లో ఎవరున్నారు, ఎవరు లోపల, ఎవరు బయట, ఎవరికి ఎంత నీరు, అన్నీ అందులోనే. మా వాడ పట్టికలన్నీ ఉండే చోటుని అర అంటారు. ఇప్పుడు మా వాడా తూర్పువాడా కలిసిపోయాయి కదా, రెంటికీ ఒకే అర చాలని పెద్దలు అనుకున్నారు. అందుకని ఇవాళ వాడలోని పట్టికలన్నిటినీ పాత అర నుంచి కొత్త అరకి తీసుకెళ్ళారు.

ఇంటికొక కోడలు ఆఫీసుకి రావాలన్నారు. వెళ్ళాను. అత్తయ్య నన్ను ఒక్కదాన్నే పంపుతుందా? వెనకే వచ్చింది. పట్టికలు చూసే అమ్మాయి పేరు హైమ. చదువుకున్నదైనా గర్వం లేదు. మా పట్టిక కదిలిపోయిందని ఆమె చెప్పగానే అత్తయ్య ముందుకొచ్చింది.

"ఏటమ్మా, పాతచోటు అలగే బోసిగా ఒగ్గీసి ఎల్లిపోతామేటి? ఇల్లు ఖాళీ చేసినప్పుడు దీపమెట్టి రావాలి కాదేటి? చీకటింట్లో ఏటి సేరుద్దో నీకు తెల్దు."

హైమ నవ్వింది. "పెట్టుకోండి అమ్మా, దానికేముంది. పాతచోట అదే పేరుతో ఒక పట్టిక ఉంటే నాకూ మంచిదే. పాత అరలోకి చూసే కిటికీలు గోల చెయ్యకుండా ఉంటాయి. ఒక్కొక్కటీ తీరిగ్గా మార్చుకుంటాను."

అందుకని పాతచోట ఖాళీ పట్టిక ఒకటి తెరిచి, దానిలో ఒక్క వరస నా చేతే చెప్పించారు. పేరు: దీపం. ఎక్కడ ఉంది, లోపలా బయటా అని యంత్రం అడిగింది. లోపల అన్నాను. మా వెనక వరసలో ఉన్న అందరూ అదే చేశారు. ఇప్పుడు పాత అర నిండా దీపాలే.

మంగళవారం

పొద్దున్నే వీధిలో పెద్ద రగడ. వంటశాల నుంచి మా ఇంటికి ఒకే పళ్ళెం వచ్చింది. అత్తయ్య తినమంటే నేను, నేను తినమంటే అత్తయ్య. ఈలోగా ఎదురింటి గుమ్మంలో పోలమ్మ పిన్ని పళ్ళెం పట్టుకుని నిలబడి అరుస్తోంది.

"ఏటే గవరమ్మా, మీకూ ఒకటేనేటి? ఇంటి నిండా జనముంటే ఒక్క ముద్ద పంపినారు. దీన్ని ఏటి సెయ్యమంటారు, బొట్టెట్టుకోమంటారా?"

"అరవకే పోలీ. నీ గొంతుకి కప్పు ఊడి పడద్ది," అంది అత్తయ్య.

"ఊడితే ఊడనీ. ఆకలి నాది."

హైమ జుట్టు కూడా ముడుచుకోకుండా పరుగెత్తుకొచ్చింది. విషయం తెలిసి గోడకి ఆనుకుని నవ్వింది. వంటశాల మా ఇంటి దీపానికి వడ్డించిందట!

ఆమె అత్తయ్యకి చెబుతుంటే నేను పక్కన నిలబడి విన్నాను. పట్టికలో సరుకు ఉంటుంది. కిటికీలో ఏమీ ఉండదు, అది పట్టికలోకి చూసి ఉన్నది చూపిస్తుంది, అంతే. వంటశాలవాళ్ళు తమ కిటికీలో చూసి, ఏ ఇంట్లో ఎందరున్నారో ఆ లెక్కన వడ్డిస్తారు.

"కిటికీకి మేం చోటు పేరుతో సహా చెప్పి పెడతాం గవరమ్మగారూ. పాత అరలో కొల్లివారి పట్టిక చూడు అని. పట్టిక కొత్త అరకి వెళ్ళిపోయినా కిటికీ మాత్రం చెప్పినచోటే చూస్తూ కూచుంటుంది. మనిషిలాగా వాకబు చెయ్యదు. అక్కడ మీరు పెట్టిన దీపం కనబడింది, ఒక్కరే అనుకుంది."

మధ్యాహ్నానికల్లా ఆ కిటికీ సరిచేసింది. పళ్ళేలు సరిగ్గా వచ్చాయి. వెళ్ళిపోతుంటే ఆమె కొంగు పట్టుకుని ఆపినంత పని చేశాను. చిన్నగా అడిగాను, ఇలాంటి కిటికీలు ఇంకా ఉన్నాయా అని.

"బోలెడు. ఏది తప్పు చూపిస్తే వాళ్ళు వచ్చి అరుస్తారు, అప్పుడు మారుస్తాను. అరిచేవాళ్ళున్నంతకాలం నాకు భయం లేదు రత్నంగారూ."

అప్పుడు తలూపాను గానీ, ఆ మాట మధ్యాహ్నం నుంచీ లోపల తిరుగుతూనే ఉంది.

బుధవారం

స్నానాల గదిలో నీళ్ళు ఒక చెంబుతో ఆగిపోయాయి. పోలమ్మ పిన్ని ఒంటి నిండా సబ్బుతో బయటికి తల పెట్టి హైమని పిలిచింది. అదీ సరైంది. ఆసుపత్రి నుంచి కబురు: కొల్లివారి దీపానికి టీకా వేయించలేదు, వెంటనే తీసుకురండి అని. నవ్వీ నవ్వీ అత్తయ్యకి దగ్గొచ్చింది. "తీసుకెల్లవే, సూది ఎక్కడ పొడుస్తారో సూద్దాం" అంది.

నేను కూడా నవ్వాను గానీ కుదురుగా కూచోలేకపోయాను. మా పట్టిక ఒక్కసారి తెరిచి, ఆయన పేరు పక్కన ఏముందో చూడాలనిపించింది. గూటి దగ్గర ఎవరూ లేనప్పుడు వెళ్ళి అడిగాను. మీకు అనుమతి లేదు అంది యంత్రం. మళ్ళీ అడిగినా అదే మాట. హైమ దగ్గరికి వెళ్ళాను.

"పట్టిక ఒక అర నుంచి ఇంకో అరకి కదిలితే దానికి ఇచ్చిన తాళంచెవులన్నీ రాలిపోతాయండీ. ఎవరివి వాళ్ళకి మళ్ళీ కొత్తగా ఇవ్వాలి. మీ వాడ వంతు వచ్చే వారం. ఇప్పుడు తూర్పువాడ పట్టికలు కదపాలి, బండి సిద్ధంగా ఉంది." సంచి సర్దుతూనే మాట్లాడింది. "ఏం, ఏమైనా కావాలా?"

ఆయన లోపల ఉన్నారా బయట ఉన్నారా అని అడగాలి. గుమ్మంలో బండివాడు నిలబడి ఉన్నాడు. వాడి ముందు అడగలేకపోయాను. ఏమీ లేదండీ అన్నాను.

ఆమె వెళ్ళిన తర్వాత తెలిసింది, రెండు వాడల మధ్య సొరంగంలో గొట్టాల పని మొదలైందట. ఇక రాకపోకలు లేవు. మాటల తీగ కూడా ఆ సొరంగంలోంచే కాబట్టి అవతలి వాడతో మాట కూడా లేదు.

గురువారం

పెద్దతలుపు దగ్గర ఊడ్చే వంతు ఈ రోజు మాది. తలుపు పక్క గోడకి ఒక పలక ఉంటుంది. దాని మీద ఒకే అంకె, మా వాడవాళ్ళు ఎందరు బయట ఉన్నారో అది. పేర్లు కనబడవు. ఆ అంకె సున్నా అయితేనే తలుపు గడియ కిందికి దిగుతుంది. అప్పుడు అంచుల్లో జిగురు పోస్తారు. జిగురు గట్టిపడితే దుమ్ముకారు పోయేదాకా తలుపు తియ్యడం ఎవరి తరమూ కాదు.

పలక మీద సున్నా ఉంది.

చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తలుపు చూసే సింహాచలం మావయ్య స్టూలు మీద కూచుని జిగురు డబ్బాలు లెక్క చూసుకుంటున్నాడు. ఆయనతో నేనెప్పుడూ నేరుగా మాట్లాడలేదు. పోలమ్మ పిన్ని పక్కనే ఉంటే ఆవిడతో అన్నాను, గుంపు వచ్చేసిందేమో తలుపు మావయ్యని అడగండి పిన్నీ అని. ఆయన మూడడుగుల దూరంలో ఉన్నాడు. అయినా పిన్ని ఆయనకేసి తిరిగి నేనన్న మాటే గట్టిగా అంది.

"ఇనబడినాది," అన్నాడు సింహాచలం మావయ్య. "వచ్చీసినారమ్మా. తూర్పు తలుపు గనికి దగ్గిర కదా, అటేపు దిగుంటారు. సొరంగం తెరిస్తే ఇంటికొస్తారు. సోమారమే సున్నా అయిపోనాది."

పోలమ్మ పిన్ని చేతులెత్తి దణ్ణం పెట్టుకుంది. వీధిలోకి పరుగెత్తుకెళ్ళి ఇంటింటికీ చెప్పింది. అందరి ముఖాలూ వెలిగిపోయాయి. అత్తయ్య దాచిపెట్టిన బెల్లం తీసి చోడి పిండితో ఉండలు చుట్టడం మొదలెట్టింది.

నేను ఊడ్చినచోటే ఊడుస్తున్నాను. సోమవారమే సున్నా అయింది. సోమవారమే పట్టికలు కదిలాయి. పళ్ళెం తగ్గితే పోలమ్మ పిన్ని అరిచింది. నీళ్ళు ఆగితే అరిచింది. ఈ సున్నా చూసి ఎవరు అరుస్తారు అక్కా? అందరూ కోరుకునే అంకె అది.

ఇంటికి వచ్చి అత్తయ్యకి చెప్పాను. నీళ్ళు నమిలాను గానీ చెప్పాను. తలుపు దగ్గరి పలక కూడా ఒక కిటికీయే కదా, అదీ పాత అరలో దీపాన్నే చూస్తోందేమో. దీపాలన్నీ లోపల అని చెప్పాం కాబట్టి బయట ఎవరూ లేరంటోందేమో.

అత్తయ్య చేతిలో ఉండ అలాగే ఆగిపోయింది. "వచ్చీసినారని సింహాచలం సెప్పినాడు కదే."

"ఆయన పలక చూసి చెప్పారు అత్తయ్యా. తెలుసుకోవడానికి ఒక దారుంది. పాతచోట మన దీపం మనం పెట్టిందే కదా, దాని తాళంచెవి మన దగ్గరే ఉంది. దీపం బయట అని ఒక్కసారి చెబుదాం. పలక మీద అంకె మారితే..."

"ఏటన్నావు?"

"దీపం బయట అని..."

"కొడుకు పనిలోకి ఎల్లి ఇంకా గడప తొక్కలేదు. ఇంటి దీపం తీసి బయటెట్టమంటావా? ఎవలింట్లో ఎట్టుకుంటారే దీపం బయట? ఎప్పుడెట్టుకుంటారో తెలుసా నీకు?" ఉండని పళ్ళెంలో పడేసింది. "మీ మావ పోయినప్పుడు ఎట్టినాను నేను. మల్లీ ఆ మాట నా ఇంట్లో అనకు."

ఆ తర్వాత ఉండలు చుట్టడం ఇద్దరం ఆపేశాం. పిండి ఆరిపోయింది.

శుక్రవారం

దుమ్ము ముందే వచ్చేసింది. మధ్యాహ్నం గంట కొట్టారు, సాయంత్రంలోగా తలుపు మూస్తారట. గాడి తుడవడానికి కోడళ్ళు రావాలని పిలుపు. నేను వెళ్తున్నాను. మిగతాది వచ్చాక రాస్తాను.

శనివారం

అక్కా, కుడిచేతి వేళ్ళు వాచిపోయాయి. ఎడంచేత్తో కాగితం నొక్కిపెట్టి మెల్లగా రాస్తున్నాను. నిన్నటి అక్షరాలే నయమనుకుంటావు.

నిన్న మధ్యాహ్నం పెద్దతలుపు దగ్గర వీధంతా చేరింది. తలుపు మూసే ముందు దాని కింద గాడిలో దుమ్ము తుడిచి, గడపకి పసుపు రాస్తారు. అది కోడళ్ళ పని. లోపలి అంచు దగ్గర కూచునే తుడుస్తారు, ఎవరూ గడప దాటరు. బయట ఆకాశం కనబడ్డం లేదు, ఇటుక రంగు గోడ ఒకటి మెల్లగా దగ్గరికి జరుగుతున్నట్టుంది. సింహాచలం మావయ్య జిగురు వేడి చేస్తున్నాడు. పలక మీద సున్నా.

పెనం కాలిందో లేదో తెలియాలంటే చుక్క నీళ్ళు చల్లి చూస్తాం కదా. గాడి తుడుస్తుంటే నాకు అదే గుర్తొచ్చింది. గడప తొక్కి బయటికి వెళ్ళినవాళ్ళని ఆ గడపే గుర్తుపట్టి పట్టికలో బయట అని రాసుకుంటుంది. నిజంగా ఒక మనిషి బయటికి వెళ్తే పలక మీద ఒకటి రావాలి.

దుమ్ములో ఊపిరాడటానికి తొడుక్కునే మావగారి గాలిచొక్కా అక్కడి కొక్కేనికే వేలాడుతోంది. ఆయన పోయినా ఎవరూ తియ్యలేదు. నాకు అది మోకాళ్ళ కిందికి వచ్చింది. నేను చేతులు దూర్చేదాకా ఎవరూ పట్టించుకోలేదు. ముందు పోలమ్మ పిన్ని చూసింది.

"ఒలే రత్నం, నీకేటి పిచ్చా?"

సింహాచలం మావయ్య లేచాడు. అప్పుడు నేను పిన్నితో కాకుండా ఆయనతోనే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"మావయ్యా, నేను గడప దాటతాను. మీరు నన్ను చూడకండి, పలక చూడండి. ఒకటి వస్తే మీ కిటికీ నిజం చెబుతోంది, నేను లోపలికి వచ్చేస్తాను, తలుపు వేసుకోండి. రాకపోతే వెయ్యకండి."

ఆయన ఏమన్నాడో నేను వినలేదు. తలకి చొక్కా మూత బిగించుకుని గడప దాటాను.

అక్కా, బయట ఎలా ఉందని నన్నడగకు. నా పాదాలు నాకు కనబడలేదు. తలుపు అంచుకి కట్టి బయట దారి వెంట వదిలిన తాడు కుడిచేతికి చుట్టుకుని నిలబడ్డాను. చొక్కా మీద ఇసుక గరగరమంటోంది. వెనక తలుపు వెలుగు గీతలా ఉంది. లోపల జరిగింది తర్వాత పోలమ్మ పిన్ని చెప్పింది, నువ్వు ఆవిడ నోటితోనే విన్నట్టు అనుకో.

పలక మీద సున్నా అలాగే ఉంది. సింహాచలం మావయ్య పలకని అరచేత్తో కొట్టాడు. సున్నా.

"నిదానంగా మారుద్దేమో," అన్నాడట. ఆయన చేతిలోని డబ్బాలో జిగురు పొగలు కక్కుతోంది. దుమ్ము గడప మీద పడుతోంది. ఇంకాసేపు తెరిచి ఉంటే ముందు వరసలో మడుల్లో ఉన్న కూర మొక్కలన్నీ పోతాయి. వెనకనుంచి జనం వెయ్యి వెయ్యి అంటున్నారు. పిల్లని లోపలికి లాగి తలుపు వెయ్యమని కొందరు, ఆగమని కొందరు. ఆయన తప్పేం లేదు అక్కా, ఆయన చూడాల్సింది ఆ పలకనే.

అప్పుడు అత్తయ్య మాటల గూటి దగ్గరికి నడిచిందట. పరుగెత్తలేదు, నడిచిందని పిన్ని గట్టిగా చెప్పింది. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకున్నారు.

"పాత అర," అంది అత్తయ్య గూట్లోకి వంగి. "కొల్లివారి పట్టిక. దీపం." యంత్రం అడిగింది, లోపలా బయటా అని.

"బయట."

పలక మీద ఒకటి వచ్చింది.

నేను బయట నిలబడి ఉన్నాను, పలకకి కనబడలేదు. దీపం బయట ఉందని చెప్పగానే కనబడింది. సింహాచలం మావయ్య జిగురు డబ్బా కింద పెట్టేశాడు.

"అయితే మా వోడు?" అంది పోలమ్మ పిన్ని. పిన్ని అత్తయ్యని పక్కకి నెట్టి గూట్లోకి తల దూర్చింది. "పాత అర! గండివారి పట్టిక! దీపం బయట! బయటే, బయటే, ఎన్ని మాట్లు అడుగుతావే దిక్కుమాలిందానా, బయట!"

రెండు.

తర్వాత గని గుంపులో మనిషి ఉన్న ప్రతి ఇంటామే వచ్చింది. ఎవరూ లేనివాళ్ళు కూడా వచ్చారు. బయట పెట్టకూడని దీపాన్ని ఒక్కొక్కరూ బయట పెట్టారు. అంకె పెరుగుతూనే ఉంది. వెనకనుంచి తలుపు వెయ్యమన్నవాళ్ళు గడియ దించబోయారు, అది దిగలేదు. బయట ఇంతమంది ఉన్నారని పలక చెబుతుంటే గడియ ఎలా దిగుతుంది?

నాకు ఇవేమీ తెలియవు. నాకు తెలిసింది తలుపు వెలుగు గీత సన్నబడకపోవడం ఒక్కటే. సింహాచలం మావయ్య ఇంకో పని చేశాడు, జిగురు పొయ్యిని గడప మీదికి జరిపి మంట పెద్దది చేశాడు. దూరం నుంచి కనబడాలని. నన్ను లోపలికి రమ్మని తాడు లాగాడు. నేను వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పడం కష్టం. నేను లోపలికి వెళ్తే గడప దాటేముందు పలక మీద చూసిన సున్నాయే నిజమైపోతుందనిపించింది.

తాడు ఒకసారి గుంజింది. లోపలివైపు నుంచి కాదు. బయటివైపు కొస ఎవరో పట్టుకున్నారు.

ఒకరి నడుముకి ఒకరు తాడు కట్టుకుని వచ్చారు. ముందున్న మనిషి నన్ను గుద్దుకుని ఆగాడు. మావగారి చొక్కాని గుర్తుపట్టినట్టున్నాడు, వెనక్కి తగ్గాడు. మూత దగ్గరికి ముఖం తెచ్చి చూశాడు. నేనేనని తెలిశాక ఏదో అన్నాడు, దుమ్ములో వినబడలేదు. లోపలికి వచ్చి మూత తీశాక మళ్ళీ అన్నాడు.

"నాయనే ఎదురొచ్చినాడనుకున్నానే. ఇంక పోయినాననుకున్నాను."

మీ మరిది అక్కా. ఆ తర్వాత వీధంతా చూస్తుండగా నా మావగారి చొక్కా బొత్తాలు విప్పుతూ, నవ్వుతూ, "ఇదేటిది, ఇంట్లో చీరలు లేవేటి?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అందరూ వచ్చారు. దీపాలన్నిటినీ మళ్ళీ లోపల అని చెప్పి, పలక సున్నా అయ్యాక తలుపు మూశారు. వాళ్ళు తూర్పు తలుపుకి వెళ్ళనే లేదు. బండి చక్రం విరిగి, మంచు అక్కడే వదిలేసి నడిచి వస్తున్నారట. పోలమ్మ పిన్ని కొడుకు పైడిరాజుకి ఒక కాలు చలికి మొద్దుబారిపోయింది, ఆసుపత్రిలో పెట్టారు. కాలి వేళ్ళు ఉంటాయో పోతాయో వారం పోతేగానీ చెప్పలేరట. ముందు వరస మడులన్నీ దుమ్ముకి పోయాయి. ఈ దుమ్ముకారంతా కూర లేకుండా చోడి ముద్దే. దానికి అప్పుడే కొందరు సణుగుతున్నారు, సణగనీ.

మంగళవారం

సొరంగం తెరిచారు. హైమ వచ్చింది. సంగతి విని, "నేను దీపాలు పెట్టనిచ్చి ఉండకూడదు" అంది. అత్తయ్య ఒప్పుకోలేదు. "దీపమెట్టడం తప్పేటమ్మా? దీపాన్ని చూసి మనిషి అనుకోవడం తప్పు" అంది.

పాతచోటు ఇక ఉండకూడదు, ఏ పట్టికా లేకపోతే ఏ కిటికీ మిగిలున్నా అదే అరుస్తుంది అంది హైమ. అంటే పాత అరలో దీపాలు కొండెక్కించాలి. వీధిలో ఎవరూ ముందుకు రాలేదు. అందరూ అత్తయ్యకేసి చూశారు.

అత్తయ్య ఆలోచించింది. "కొండెక్కించొద్దు. మనం వచ్చీసినప్పుడు దాన్నొక్కదాన్నీ అక్కడ ఒగ్గీసి రావడమేటి? దాన్ని కూడా తెచ్చీ." హైమ అలాగే చేసింది. ముందు దీపం, తర్వాత అర. పాత అర ఇప్పుడు లేదు. తీసేసిన మరుక్షణం ఏవో మూడు కిటికీలు ఒకేసారి గోల పెట్టాయట, హైమ సంతోషంగా పరుగెత్తింది.

బుధవారం

ఈ పొద్దున మా ఇంటికి ఒక పళ్ళెం ఎక్కువ వచ్చింది. దీపానికి. తిరిగి పంపించేశాం, కానీ అత్తయ్య దాన్ని పంపే ముందు దీపం ముందు కాసేపు పెట్టింది. ఆయన చూసి నవ్వబోతే చీపురు తీసింది.

రేపు ఉప్పుగుంట బండి వస్తోంది, తలుపు మూసినా నేల కింద దానికి దారి ఉంది, కానీ అది సరుకులకే, మనుషులకి కాదు. ఈ కాగితాలు మొదటినుంచీ చదువుకుంటే సోమవారం రాసిన మనిషి నేనేనా అనిపించింది. గురువారం దగ్గరికి వచ్చేసరికి చదువుతున్నంతసేపూ మళ్ళీ గుండె దడ. ఆయన పక్కనే గురక పెడుతున్నా సరే.

అక్కా, చదివాక దీన్ని దాచుకోకు. నీకు పాత చీర ముక్క కూడా దాచుకునే అలవాటుంది, అందుకే చెబుతున్నాను. పెట్టె అడుగున ఉంటే ఎప్పుడో ఇంకెవరో తీసి చదువుతారు, గురువారం కాగితం ఒక్కటే దొరుకుతుంది, నీ చెల్లి మొగుడు ఇంకా బయటే ఉన్నాడనుకుంటారు. నువ్వే ఏదో రోజు దిగులుగా ఉన్నప్పుడు తీసి, ఈ కాగితంలో ఉన్నదాన్ని చూసి నేననుకుంటావు. నేను అందులో లేను. ఇక్కడ ఉన్నాను, వేళ్ళ వాపు తగ్గింది, కూర లేని ముద్ద తింటున్నాను. దుమ్ముకారు పోయి తలుపు తీశాక వచ్చి నన్నే చూడు.

దీన్ని మాత్రం కాల్చెయ్యి. పొయ్యిలో వద్దు. దీపం వెలిగించేటప్పుడు దీనితో వెలిగించు.

నీ చెల్లెలు,
నూకరత్నం